నాగపూర్ తలుపు

బడి ఆవరణలో ముగ్గురు అబ్బాయిలు గుండ్రంగా నడుస్తుంటారు. ఊరికే నడవమన్నాడు సారు. మొదట ఎవరి నడక వాళ్లది. ఒకడివి పొడుగు అంగలు, ఒకడు కాళ్లీడుస్తాడు, ఇంకొకడికి ఏం చేయాలో తోచదు. కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, మూడు జతల కాళ్లూ ఒకే లెక్కలో పడతాయి. చుట్టూ నిలబడ్డ మిగతా పిల్లలు ఆ లెక్కకు చప్పట్లు కొడతారు. చప్పట్లు పెరిగేకొద్దీ నడక కవాతు అవుతుంది. సారు ఆపించి, ఇప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు నడవండంటాడు. అందరూ నడుస్తారు, ఒక్కడు తప్ప. నడవకుండా ఉండే హక్కును వాడుకుంటున్నానంటాడు వాడు.

1989లో వచ్చిన 'డెడ్ పొయెట్స్ సొసైటీ'లోది ఈ దృశ్యం. దర్శకుడు పీటర్ వియర్. కథ రాసిన టామ్ షుల్మన్‌కు ఆస్కార్ వచ్చింది. నాష్‌విల్‌లో తాను చదువుకున్న బడిలోని శామ్యూల్ పికరింగ్ అనే ఉపాధ్యాయుణ్ణి మనసులో పెట్టుకుని ఆయన కీటింగ్ సారు పాత్రను మలిచాడు. రాబిన్ విలియమ్స్ ఆ పాత్రలో జీవించాడు. ఈ సినిమా చూసినవాళ్లంతా చివర్లో పిల్లలు బల్లలెక్కి నిలబడటం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఈ నడకే పెద్ద దృశ్యం. నడిచినవాళ్ల కంటే చప్పట్లు కొట్టినవాళ్ల గురించి నేను ఎక్కువ ఆలోచిస్తాను. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. తోటివాళ్ల నడక బాగుందని మెచ్చుకున్నారంతే. ఆ మెప్పే ముగ్గురి కాళ్లనూ ఒక్కటిగా కట్టేసింది.

మా మెదక్‌లో ఆ చప్పట్లు కంటికి కనిపిస్తాయి. ఏప్రిల్, మే వచ్చిందంటే రాందాస్ చౌరస్తా చుట్టూ ఫ్లెక్సీలు లేస్తాయి. వరసగా పిల్లల ఫొటోలు, కింద మార్కులు. ఎంపీసీలో ఇన్ని, బైపీసీలో ఇన్ని. హెచ్ఈసీ పిల్లల ఫొటో ఒక్కటి కూడా నాకింతవరకు ఆ వరసలో కనిపించలేదు. పదో తరగతి పిల్లలు బస్సు కోసం అక్కడే నిలబడతారు. తలెత్తి చూస్తారు. ఏ గ్రూపు తీసుకోవాలో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి నాకు బాగా తెలిసిన బాధ ఒకటుంది. ఇంటర్‌లో చేరగానే సగానికి సగం మంది తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకుంటారు. సంస్కృతం మీద ప్రేమ పుట్టి కాదు, మార్కుల కోసం. దేవనాగరి అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాని పిల్లలు వందకు 98, 99 తెచ్చుకుంటున్నారు. ప్రశ్నలు తెలుసు, జవాబులు తెలుసు, భాష ఒక్కటే తెలియదు. పట్నం కాలేజీల సంగతి పక్కన పెడదాం. ఇది మెదక్‌లో జరుగుతున్నందుకు నా గుండె ఎక్కువ మండుతుంది. మాకు దగ్గర్లోనే కొల్చారం ఉంది. కాళిదాసును దేశానికంతటికీ చదివి చెప్పిన మల్లినాథసూరి ఊరు అది. రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘసందేశానికి ఆయన రాసిన 'సంజీవని' లేకుండా ఐదారు వందల ఏళ్లుగా ఎవరూ కాళిదాసు పాఠం చెప్పలేదు. చిన్నప్పుడు ఆయన చదువు ఎక్కని మొద్దబ్బాయిగా ఉండేవాడని ఇక్కడివాళ్లు కథ చెప్పుకుంటారు. అటువంటి ఊరి పక్క పిల్లలు సంస్కృతంలో 99 తెచ్చుకుని, మల్లినాథుడి పేరైనా వినకుండా కాలేజీ దాటిపోతున్నారు.

కీటింగ్ సారు పిల్లల చేత కవిత్వం పుస్తకానికి ఉన్న ముందుమాటను చింపిస్తాడు. అడ్డగీత మీద ఒకటి, నిలువుగీత మీద ఒకటి గుర్తు పెట్టి పద్యం గొప్పతనాన్ని కొలవమంటుంది ఆ ముందుమాట. మొదటిసారి చూసినప్పుడు ఆ కాగితాలు చిరుగుతున్న చప్పుడుకు నా ఒళ్లు పులకరించింది. ఇప్పుడు అంత సంబరపడలేను. కొల్చారం పక్కన బతికేవాడికి వ్యాఖ్యాత శత్రువు కాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథుడు ముందే ప్రతిజ్ఞ చేసి కూర్చున్నాడు. ఆ వినయం ఉన్న వ్యాఖ్యానం పిల్లవాణ్ణి పద్యం దగ్గరికి తీసుకెళ్లి వదిలేసి తాను పక్కకు జరుగుతుంది. మా పిల్లల చేతుల్లో ఉన్నది మాత్రం పద్యం దాకా పోనివ్వకుండానే జవాబు చేతిలో పెట్టే గైడు. దాన్ని చింపినా లాభం లేదు, మళ్లీ జిరాక్సు తీసుకుంటారు. దానికంటే గట్టిది ఇంకొకటి వాళ్ల చేతిలో పెట్టాలి. కీటింగ్ ఆ పని కూడా చేశాడు. నోరు విప్పడానికే వణికిపోయే టాడ్ అనే కుర్రాణ్ణి తరగతి ముందు నిలబెట్టి, కళ్లు మూయించి, గోడ మీదున్న కవి విట్మన్ బొమ్మను చూస్తే ఏం తోచిందో చెప్పమని తిప్పుతూ తిప్పుతూ, వాడికే తెలియకుండా వాడి నోట కవిత పలికిస్తాడు. చింపిన దృశ్యం కంటే ఈ దృశ్యం వెయ్యి రెట్లు కష్టమైన పాఠం. చింపించడం ఒక్క గంటలో అయిపోతుంది. ఇలా పలికించాలంటే ఏ పిల్లవాడి గొంతులో ఏం అడ్డుపడి ఉందో సారుకు తెలిసి ఉండాలి.

ఒక వేసవి సెలవుల్లో మా ఇంటి చుట్టుపక్కల ఇంటర్ పిల్లల్ని పోగేసి ఈ సినిమా చూపించాను. మధ్యమధ్యలో ఆపి, కథ తెలుగులో చెబుతూ. హాల్లో పాత విద్యార్థుల ఫొటోల ముందు నిలబెట్టి, వీళ్లంతా ఇప్పుడు మట్టిలో కలిసిపోయారు, మీ రోజును మీరు పట్టుకోండి అని సారు చెప్పే చోట పిల్లలు కదలకుండా చూశారు. రోమన్ కవి హొరేస్ రెండు వేల ఏళ్ల కిందట అన్న మాట మా వాడకట్టు దాకా వచ్చి తగిలిందని నేను సంతోషపడుతుంటే, వెనక నుంచి ఒక పిల్లవాడు అన్నాడు:

"సార్, రోజు పట్టుకొమ్మంటుండు గని, మాకు రోజెక్కడున్నది? పొద్దుగాల అయిదింటికి లేపుతరు, రాత్రి పది దాకా స్టడీ అవర్. ఆయితారం గూడ టెస్టే."

ఇంకో పిల్లవాడు అందుకున్నాడు. "వాళ్ల నాయినలు ఉన్నోళ్లు సార్. ఆ పోరడు ఫెయిలైనా బతుకుతడు. మా నాయిన అప్పు తెచ్చి ఫీజు కట్టిండు. నేను గుహలకు పోయి పద్యాలు చదువుకుంట కూసుంటే ఎట్ల?"

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. సినిమాలో రాత్రిపూట గుహలో రహస్య సంఘంగా చేరి పద్యాలు చదువుకునే ఆ వెల్టన్ అకాడమీ పిల్లలది కలిగినవాళ్ల లోకం. సంప్రదాయం, గౌరవం, క్రమశిక్షణ, శ్రేష్ఠత అని నాలుగు స్తంభాలు చెప్పుకునే బడి అది. అక్కడ అందరిలా ఉండటం అంటే తాతల నాటి హోదాను నిలుపుకోవడం. మా దగ్గర అందరిలా ఉండటానికి వెనక ఆకలి ఉంది. మెదక్ ఖిల్లా ఎక్కి చూస్తే ఊరి మీదుగా చర్చి గోపురం నిలబడి కనిపిస్తుంది, 175 అడుగులు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో కట్టించాడు. పని చేసినవాళ్లకు తిండి దొరికింది. మా తాతల తరం రాళ్లు మోసింది అన్నం కోసం. ఆ తరానికి మనవళ్లు, మునిమనవళ్లు ఇవాళ హాస్టళ్లలో ఉన్నారు. బిడ్డ ఇంజనీరో డాక్టరో కావాలని తండ్రి పట్టుబడితే అందులో పొగరు లేదు, కరువు గుర్తుంది. ఈ భయాన్ని తేలిక చేసి మాట్లాడే హక్కు ఏ కవికీ, ఏ సారుకూ లేదని నేను నమ్ముతాను. అదే నోటితో ఇంకో మాట కూడా అంటాను: ఆ భయం బిడ్డ ప్రాణం కంటే పెద్దది కాకూడదు.

సినిమాలో నీల్ పెర్రీకి నాటకమంటే పిచ్చి. తండ్రి డాక్టరు చదువు ఎప్పుడో రాసిపెట్టేశాడు. నీల్ తండ్రికి చెప్పకుండా షేక్‌స్పియర్ నాటకంలో వేషం కడతాడు. మీ నాయినతో మాట్లాడు, నాకు చెప్పినంత మనసు విప్పి ఆయనకూ చెప్పు అంటాడు కీటింగ్. నీల్ మాట్లాడలేక, మాట్లాడానని అబద్ధం చెబుతాడు. నాటకం అద్భుతంగా ఆడతాడు. ఆ రాత్రే తండ్రి ఇంటికి లాక్కుపోయి, ఈ బడి మానిపించి సైనిక పాఠశాలలో వేస్తానంటాడు. అక్కడి నుంచి హార్వర్డు, తర్వాత వైద్యం. తల్లి కుర్చీలో కూర్చుని ఉంటుంది. నీల్ ఏదో చెప్పబోతాడు. ఏంటో చెప్పమని తండ్రి గద్దిస్తే ఏమీ లేదంటాడు. తెల్లవారేసరికి వాడు లేడు.

ఈ సినిమా మీద నాకున్న పేచీ ఇక్కడే. మంచు, వెన్నెల, తలమీద ముళ్ల కిరీటంలాంటి నాటకం కిరీటం, నెమ్మదైన సంగీతం. ఆ చావును అంత అందంగా తీయకూడదు. పదిహేడేళ్ల పిల్లవాడు చీకట్లో కూర్చుని ఇది చూస్తాడని గుర్తుండాలి. తెలంగాణలో మాకు అది కథ కాదు. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షల మందికి పైగా రాస్తే మూడు లక్షల మందికి పైగా తప్పారన్నారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 రావాల్సిన ఒక అమ్మాయికి సున్నా వేశారు. తర్వాత సరిదిద్దారు. సరిదిద్దేలోగా, ఆ కొద్ది రోజుల్లోనే, ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో ఏ ఒక్కరికీ తప్పినా బతకొచ్చన్న దారి ఎదురుగా కనిపించి ఉండదు. ఆ వేసవి తర్వాత నేను పిల్లలతో తెగువ గురించి మాట్లాడే తీరు మారింది.

తెగువ గురించి చెప్పాలంటే మాకు 1938 ఉంది. నిజాం రాజ్యంలో ఉస్మానియా విద్యార్థులు హాస్టళ్లలో వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు. పాడతామని నిలబడ్డారు. వందల మందిని బయటికి పంపేశారు. ఆ రోజుల్లో చదువు పోవడమంటే మామూలు సంగతి కాదు. ఊళ్లో ఒక్కడు కాలేజీ దాకా పోతే ఊరంతా చెప్పుకునే కాలం. ఆ వందల మంది ఏమయ్యారు? చాలామంది రైలెక్కి నాగపూర్ పోయారు. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. అలా వెళ్లిన పిల్లల్లో హనుమకొండలో ఇంటర్ చదువుతున్న పాములపర్తి వెంకట నరసింహారావు ఒకడు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ పాడినవాళ్ల ధైర్యం గురించే చెబుతారు. చెప్పాల్సిందే. నేను నాగపూర్ గురించి కూడా చెబుతాను. ఆ తలుపు మూసి ఉంటే ఎంతమంది చదువు అక్కడితో ఆగిపోయేదో! ఎంతమంది తల్లిదండ్రుల కాళ్ల మీద పడి, క్షమాపణ రాసిచ్చి, మళ్లీ వరసలో నిలబడేవారో! సినిమాలో జరిగింది అదే కదా. నీల్ పోయాక, తప్పంతా కీటింగ్‌దేనని రాసిన కాగితం మీద పిల్లల్లో ఒక్కొక్కరి చేతా సంతకాలు పెట్టిస్తారు. టాడ్ ఏడుస్తూ కూర్చుంటాడు. వాళ్లు పిరికివాళ్లని నేననను. వాళ్లకు నాగపూర్ లేదు. ఆ గదిలో పెద్దవాళ్లందరూ ఒకవైపే ఉన్నారు.

బయటికి గెంటిన ఆ హనుమకొండ కుర్రాడు తర్వాత ఏం చేశాడో చూడండి. ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల తెరిపించాడు. పల్లెల్లోని పేద పిల్లలకు తిండి, బస, చదువు ఒకేచోట. తర్వాత కేంద్రంలో విద్యాశాఖ చూస్తూ నవోదయ విద్యాలయాలకు పునాది వేశాడు. పాత మెదక్ జిల్లాకు వర్గల్‌లో నవోదయ వచ్చింది. తన కోసం ఒకరు తలుపు తీస్తే ఆయన వేలమందికి తీశాడు. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు. ఈ ఒక్క పనికి మాత్రం నేను ఆయనకు చేతులెత్తి మొక్కుతాను.

మా పక్కనే, అప్పటి నిజామాబాద్ జిల్లా పాకాల అనే పల్లె నుంచి మలావత్ పూర్ణ వచ్చింది. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో, ఎవరెస్టు మీద నిలబడింది. ఆమె మీద 2017లో రాహుల్ బోస్ సినిమా తీశాడు. బల్లమీద నిలబడటానికే గుండెలు అదిరే లోకంలో ఒక గిరిజన రైతు కూలీ బిడ్డ ప్రపంచంలోకెల్లా ఎత్తైన చోట నిలబడింది. ఎక్కగలనన్న మొండితనం ఆమెది. ఎక్కించడానికి ఒక బడి ఉంది, గుట్ట దాకా తీసుకెళ్లిన మాస్టార్లున్నారు. ఆ రెండో సగం లేకుండా మొదటి సగం గురించి మాత్రమే పిల్లలకు ఉపన్యాసాలిస్తే అది అన్యాయం.

2024 సెప్టెంబరులో తెలుగులో '35 - చిన్న కథ కాదు' వచ్చింది. నందకిశోర్ ఈమాని తీశాడు. తిరుపతిలో ఒక పిల్లవాడు, అరుణ్. సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే అది పది ఎట్లా అవుతుందని అడుగుతాడు. లెక్కల సారుకు ఓపిక లేదు. పిల్లవాణ్ణే సున్నా అని పిలుస్తాడు. స్నేహితుల నుంచి విడదీసి వేరే తరగతిలో కూర్చోబెడతారు. నివేదా థామస్ వేసిన తల్లి పాత్ర పదో తరగతి తప్పిన ఇల్లాలు. కొడుకు కోసం ఆమె పుస్తకం పట్టుకుని లెక్కలు నేర్చుకోవడానికి కూర్చుంటుంది. నోరు విప్పని నీల్ తల్లికి తిరుపతి తల్లి ఇచ్చిన జవాబు ఇది అని నాకనిపించింది. ఇందులో గుహ లేదు, రహస్య సంఘం లేదు. పిల్లవాడు ఎవరినీ ఎదిరించడు. తనకు అర్థం కానిది అర్థమైనట్టు నటించనంటాడు, అంతే. ముప్పయ్యైదు మార్కుల కోసం జరిగిన ఆ చిన్న పోరాటంలో అందరిలా తలూపననే పట్టుదల కీటింగ్ పిల్లలందరికంటే ఎక్కువే ఉంది. మన తరగతుల్లో అర్థమైందా అనగానే యాభై గొంతులు ఒక్కసారిగా 'అయింది సార్' అంటాయి. అది కూడా ఆ కవాతే. అర్థం కాలేదని లేచే గొంతు ఒక్కటి వినపడితే ఆ రోజు ఆ పిల్లది.

స్టడీ అవర్ మాట ఎత్తిన పిల్లవాడికి నేను బాకీ పడ్డ జవాబు ఇదేననుకుంటాను. రోజంతా పట్టుకోమని నేనిక చెప్పను. గుహకు పొమ్మనీ చెప్పను. కీటింగ్ కూడా, ప్రిన్సిపాల్ ముందు చిలిపి సాహసం చేసి దెబ్బలు తిన్న చార్లీ అనే కుర్రాణ్ణి మెచ్చుకోలేదు. తెగించడానికో వేళ, తగ్గడానికో వేళ ఉంటుందని, బడి నుంచి గెంటించుకోవడం తెగువ కాదు, తెలివితక్కువతనమని మందలించాడు. నేను పెద్దవాళ్లను అడుగుతాను. అప్పు తెచ్చి ఫీజు కట్టిన ఆ తండ్రిని, బిడ్డా, ఇది కాకపోతే ఇంకోటి చేద్దాం అని ఒక్కసారి పిల్లవాడి ఎదుట పైకి అనమంటాను. మనసులో అందరికీ ఉంటుంది ఆ మాట. నోటితో అనరు. అంటే పిల్లవాడు చదవడం మానేస్తాడని భయం. హాస్టల్‌కు ఆదివారం చూడటానికి వచ్చినప్పుడు మార్కుల చీటీ అడగకముందు ఆ మాట అనమంటాను. కాలేజీల వాళ్లను ఆ ఆదివారాన్ని పరీక్ష పెట్టకుండా వదిలేయమంటాను. నాతోటి తెలుగు సార్లను, సిలబస్‌లో లేని పద్యం ఒకటి వారానికొకసారి చదివి, దాని మీద ప్రశ్న రాదని ముందే చెప్పమంటాను. ప్రశ్న రాదన్నప్పుడు పిల్లలు వినే తీరు వేరుగా ఉంటుంది. నేను చూశాను.

నేను 'డెడ్ పొయెట్స్ సొసైటీ' చూపించిన ఆ వేసవిలో, సినిమా అయిపోయాక పిల్లలు వెంటనే లేవలేదు. చివరి దృశ్యంలో బల్లలెక్కినవాళ్లు ఎంతమంది, ఎక్కనివాళ్లు ఎంతమంది అని లెక్కపెట్టారు. ఎక్కనివాళ్లను తిట్టారు. అప్పుడు బైపీసీ చదివే అమ్మాయి అడిగింది.

"సార్, నాటకం అయినంక ఆ సారు బయట నిలబడ్డడు గద. పిలగాణ్ణి కారుల ఎక్కించుకపోతుంటే చూసుకుంట ఎందుకు నిలబడ్డడు?"

"వాళ్ల నాయిన దగ్గరికి రావద్దన్నడు గదనే" అన్నాడు స్టడీ అవర్ పిల్లవాడు.

"వద్దంటే? పిలగానికి పద్యాలు చెప్పెతందుకు వచ్చిండు గని, ఇంటికి వచ్చెతందుకు రాకపాయె. నాయిన కొడుతడా, తిడుతడా, తిట్టనీ. రాత్రికి రాత్రి వాళ్లింటికి పోయి గడపల కూసోవాలె."

"ఉద్యోగం పోతుండె."

"ఎట్లయినా పాయె గద!"

వాళ్లిద్దరూ అలా ఒకరి మాట ఒకరు పడనివ్వకుండా చాలాసేపు వాదించుకున్నారు. మిగతా పిల్లలు రెండు జట్లయ్యారు. తండ్రి కాదన్నాక సారు ఇంట్లోకి పోకూడదని కొందరు, పోవాల్సిందేనని కొందరు. నన్ను తీర్పు చెప్పమన్నారు. కీటింగ్‌ను ఎంత ప్రేమించినా, నేను ఆ అమ్మాయి పక్షమే.